మెషీన్‌కూ బ్రౌజర్‌కూ మధ్య ఉన్న ఉద్యోగాలు

ప్రాడక్ట్ లైఫ్‌సైకిల్ మేనేజ్‌మెంట్‌ను పరిశ్రమలో అందరూ పీఎల్‌ఎం అంటారు. ఒక వస్తువుకు సంబంధించిన డ్రాయింగులు, త్రీడీ మోడళ్లు, విడిభాగాల జాబితాలు, వాటిలో జరిగిన మార్పులు అన్నీ ఒకేచోట ఉంచి, ఈరోజు చెల్లేది ఏదో తేల్చి చెప్పే సాఫ్ట్‌వేర్ ఇది. దీని అవసరం అత్తిబెలె లాంటి చోట బాగా తెలుస్తుంది. బెంగళూరు-హోసూరు రోడ్డులో, ఆనేకల్ తాలూకాలో, కర్ణాటక సరిహద్దు దగ్గర ఉన్న పారిశ్రామిక ప్రాంతం ఇది. సరిహద్దు దాటితే హోసూరులో టీవీఎస్ మోటార్, అశోక్ లేలాండ్, టైటాన్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. బెంగళూరు వైపు వెళితే బొమ్మసంద్ర, ఆపైన ఎలక్ట్రానిక్ సిటీ వస్తాయి. వస్తువులు చేసేవాళ్లూ, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లూ ఒకే రోడ్డు మీద ఉన్నారన్నమాట. హోసూరు, ఆనేకల్ పరిసరాల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి కాబట్టి అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చే కుర్రాళ్లకు ఇక్కడ భాష పెద్ద ఇబ్బంది కాదు.

ఒక పెద్ద కంపెనీకి బ్రాకెట్లు చేసిచ్చే చిన్న సీఎన్‌సీ (కంప్యూటర్ నియంత్రిత మెషీన్ల) యూనిట్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. రివిజన్ బి డ్రాయింగులో రంధ్రం 8 మిల్లీమీటర్లు. డిజైన్ విభాగం దాన్ని 8.5కు మార్చి రివిజన్ సి మెయిల్‌లో పంపింది. మెయిల్ ఆఫీసులోనే ఉండిపోయింది, మెషీన్‌కు అతికించిన ప్రింటు మాత్రం బి. రెండు షిఫ్టుల సరుకు తయారయ్యాక క్వాలిటీ వాళ్లు పట్టుకున్నారు. ఆపరేటర్ తన చేతిలోని కాగితం ప్రకారం పని సరిగ్గానే చేశాడు, అయినా సరుకంతా స్క్రాపే.

పీఎల్‌ఎం ఉంటే ఆ మార్పు ముందు ఒక అభ్యర్థనగా నమోదవుతుంది. డిజైన్, ప్రొడక్షన్, పర్చేజ్, క్వాలిటీ విభాగాలు చూసి ఒప్పుకున్నాకే చేంజ్ నోటీసు వెలువడుతుంది. పాత రివిజన్‌కు తాళం పడుతుంది. ఉన్న స్టాకును వాడేయాలా, రీవర్క్ చేయాలా, పారేయాలా అన్నదీ అందులోనే రాసి ఉంటుంది. దీనికి వెన్నెముక బిల్ ఆఫ్ మెటీరియల్స్, అంటే బామ్. డిజైనర్ బామ్‌లో కనిపించని గ్రీజు, జిగురు, ప్యాకింగ్ పెట్టె ప్రొడక్షన్ బామ్‌లోకి వస్తాయి. ఈ రెండు జాబితాలనూ పొంతన తప్పకుండా నడపడమే పీఎల్‌ఎం ఉద్యోగుల రోజువారీ పనిలో పెద్ద భాగం.

పొంతన తప్పితే పెద్ద కంపెనీలూ దెబ్బతింటాయి. ఎయిర్‌బస్ ఏ380 విమానంలో దాదాపు 530 కిలోమీటర్ల వైరింగ్ ఉంటుంది. హాంబర్గ్‌లోని బృందం క్యాటియా డిజైన్ సాఫ్ట్‌వేర్ నాలుగో వెర్షన్, టూలూజ్‌లోని బృందం ఐదో వెర్షన్ వాడాయి. తీరా బిగించేటప్పుడు వైర్లు కుదరలేదు. 2006లో డెలివరీలు వాయిదా మీద వాయిదా పడటానికి ఇదొక ముఖ్య కారణం.

ఇక బ్రౌజర్ సంగతి. ఒకప్పుడు త్రీడీ మోడల్ తెరవాలంటే ఖరీదైన క్యాడ్ (కంప్యూటర్ డిజైన్ సాఫ్ట్‌వేర్) లైసెన్సు, దానికి తగిన వర్క్‌స్టేషన్ కావాల్సి వచ్చేది. పీటీసీ కంపెనీ 1998లో విండ్‌చిల్ అనే పీఎల్‌ఎం సాఫ్ట్‌వేర్‌ను వెబ్ ఆధారంగా తెచ్చింది. 2011లో వెబ్‌జీఎల్ ప్రమాణం రావడంతో మామూలు బ్రౌజర్ కూడా గ్రాఫిక్స్ కార్డును నేరుగా వాడుకోగలిగింది. తెర వెనుక జరిగేది ఇదీ: క్యాడ్ ఫైలులోని కచ్చితమైన వంపుల ఉపరితలాలను సర్వర్ చిన్న చిన్న త్రిభుజాలుగా విడగొట్టి, జేటీ, జీఎల్‌టీఎఫ్ వంటి తేలికపాటి రూపంలో పంపుతుంది. దాంతో భారీ అసెంబ్లీ కూడా షాప్‌ఫ్లోర్‌లోని ట్యాబ్లెట్‌లో తిరుగుతుంది. అయితే త్రిభుజాల మీద కొలత తీస్తే అసలు కొలత రాకపోవచ్చు. వంపు తిరిగిన చోట చిన్న తేడా ఉంటుంది. ఈ సంగతి తెలియని వెబ్ డెవలపర్ రాసిన కొలత టూల్‌ను క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ నమ్మడు, నమ్మకూడదు కూడా.

ఈ రంగంలో రెండో పాయ మెషీన్ల నుంచి వచ్చే డేటా. మెషీన్‌ను నడిపే కంట్రోలర్ (పీఎల్‌సీ) లోని అంకెలు ఓపీసీ యూఏ, ఎంక్యూటీటీ వంటి ప్రోటోకాల్స్ ద్వారా డేటాబేస్‌కు చేరి, గ్రాఫానా లాంటి డ్యాష్‌బోర్డులో కనిపిస్తాయి. అక్కడ ఎక్కువగా వినిపించే మాట ఓఈఈ, అంటే మెషీన్‌ను మొత్తంమీద ఎంత సమర్థంగా వాడామో చెప్పే కొలత. విరామాలు పోను షిఫ్టులో 450 నిమిషాలు ఉన్నాయనుకుంటే, మెషీన్ 45 నిమిషాలు ఆగితే లభ్యత 90 శాతం. మిగిలిన 405 నిమిషాల్లో, నిమిషానికొకటి చొప్పున రావాల్సిన చోట 324 పీసులే వస్తే వేగం 80 శాతం. వాటిలో 9 రిజెక్టయితే మంచివి 315, మొత్తం 324లో వాటి వాటాయే నాణ్యత. లభ్యత, వేగం, నాణ్యత మూడూ గుణిస్తే ఓఈఈ 70 శాతం. ఈ లెక్క కోడ్‌లో రాయడం పది నిమిషాల పని. టీ విరామాన్ని ఆగిన సమయంలో కలపాలా వద్దా అని సూపర్‌వైజర్‌ను అడిగి తేల్చుకోవడమే అసలు పని.

ఈ షాప్‌ఫ్లోర్ అవగాహన విలువను గుర్తించడంలోనే తెలుగు విద్యార్థులు ఎక్కువగా పొరపాటు పడుతున్నారు. మెకానికల్‌లో బీటెక్ లేదా డిప్లొమా పూర్తికాగానే అన్నేళ్ల చదువును అటకెక్కించి, హైదరాబాద్ అమీర్‌పేటలో జావా కోర్సులో చేరిపోతారు. అక్కడ వాళ్ల పోటీ లక్షల మంది కంప్యూటర్ సైన్స్ వాళ్లతో. డ్రాయింగు చదవడం, టాలరెన్సు (కొలతలో అనుమతించే తేడా) అర్థం చేసుకోవడం తెలిసి, దానికి కొంత ప్రోగ్రామింగ్ తోడైనవాళ్లు మాత్రం తక్కువమందే ఉంటారు. పీఎల్‌ఎం ఇంటర్వ్యూల్లో ఎదురయ్యే ఒక ప్రశ్న చాలు: మార్పు తర్వాత కొత్త భాగాన్ని పాతదాని స్థానంలో బిగించలేకపోతే రివిజన్ మార్చాలా, కొత్త పార్ట్ నంబర్ ఇవ్వాలా? ఆకారం, అమరిక, పనితీరు మారి పరస్పరం మార్చుకోలేని స్థితి వస్తే కొత్త నంబరే ఇవ్వాలన్నది సాధారణ నియమం. షాప్‌ఫ్లోర్ చూసినవాళ్లకు ఇది చటుక్కున తడుతుంది.

ఉద్యోగాలు పలు రకాలు. యూజర్లు, అనుమతులు, వర్క్‌ఫ్లోలు చూసేది అడ్మినిస్ట్రేటర్. టీమ్‌సెంటర్, విండ్‌చిల్, ఎనోవియా వంటి పీఎల్‌ఎం సాఫ్ట్‌వేర్లను కస్టమర్‌కు తగినట్టు మలిచేది డెవలపర్. జావా, సీ++, జావాస్క్రిప్ట్, ఎస్‌క్యూఎల్ ఇక్కడ పనికొస్తాయి. పాత ఫైళ్లను కొత్త సిస్టమ్‌లోకి తెచ్చే డేటా మైగ్రేషన్ విసుగు పుట్టించే పనే గానీ, కొత్తవాళ్లు నేర్చుకోవడానికి అంతకంటే మంచి మార్గం లేదు. బీవీఆర్ మోహన్‌రెడ్డి 1991లో హైదరాబాద్‌లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్‌గా మొదలుపెట్టిన సయెంట్ లాంటి ఇంజనీరింగ్ సేవల కంపెనీలు ఈ నైపుణ్యాల మీదే నడుస్తాయి. తయారీ పునాది కోసం హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సీఐటీడీ, బెంగళూరులోని ఎన్‌టీటీఎఫ్, కర్ణాటక ప్రభుత్వ జీటీటీసీ వంటి శిక్షణ సంస్థలు మంచి దారులు.

సాధనకు డబ్బు అక్కర్లేదు. ఫ్రీక్యాడ్ పూర్తిగా ఉచితం. ఆన్‌షేప్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, దాని ఉచిత ఖాతాలో చేసినవి అందరికీ కనిపిస్తాయి కాబట్టి ఏ కంపెనీ డ్రాయింగూ అందులో పెట్టకూడదు. ఒక గేర్ బాక్సును గీసి, జీఎల్‌టీఎఫ్‌లోకి మార్చి, త్రీ.జేఎస్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో వెబ్ పేజీలో తిప్పి, ఏ భాగాన్ని నొక్కితే దాని పార్ట్ నంబరు, రివిజన్ కనిపించేలా చేస్తే అదే మంచి ప్రాజెక్టు. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే ఆ లింకు ఎక్కువ మాట్లాడుతుంది.

అత్తిబెలెలోని చిన్న యూనిట్లలో పీఎల్‌ఎం ఇంజనీర్ అన్న హోదా దొరకడం అరుదు. అక్కడ ప్రొడక్షన్ లేదా క్వాలిటీ ట్రెయినీగా చేరి, కస్టమర్ సప్లయర్ పోర్టల్ నుంచి డ్రాయింగులు దించే బాధ్యత అడిగి తీసుకుని, ఏడాది రెండేళ్ల తర్వాత ఎలక్ట్రానిక్ సిటీ వైపు ప్రయత్నించడం ఆచరణలో కుదిరే పద్ధతి. ఉద్యోగం ఖాయమని చెప్పి ముందే డిపాజిట్ అడిగే ఏజెన్సీల జోలికి వెళ్లకుండా, కంపెనీల సొంత కెరీర్ పేజీల్లోనే దరఖాస్తు చేసుకోవాలి.