పాత ఇంటి పరీక్ష నివేదిక: ఏ అంకె ఏం చెబుతుంది?

విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉన్న 30 ఏళ్ల నాటి అపార్ట్‌మెంట్‌లో ఒక కుటుంబం ఫ్లాట్ కొనాలనుకుంటోందని అనుకుందాం. గోడలకు కొత్త రంగు వేశారు. ధర కూడా అందుబాటులో ఉంది. కొనేముందు భవనం గట్టిదనాన్ని ఇంజినీరుతో పరీక్ష చేయిస్తే, పట్టికలతో నిండిన నివేదిక చేతికొచ్చింది. చివర్లో మాత్రం ‘భవనం ఓ మోస్తరుగా ఉంది, మరమ్మతులు అవసరం’ అన్న ఒక్క వాక్యం. జీవితకాలం కూడబెట్టిన డబ్బు పెట్టాలా వద్దా అన్నది ఆ వాక్యం తేల్చలేదు. తేల్చాల్సింది దాని వెనక ఉన్న అంకెలు. అయితే వాటిలో ఏ ఒక్కటీ విడిగా పూర్తి నిజం చెప్పదు. అన్నింటినీ కలిపి చదవాలి.

సుత్తి దెబ్బ, శబ్ద వేగం

నివేదికలో సాధారణంగా మొదట కనిపించేది రీబౌండ్ హ్యామర్ పరీక్ష. స్ప్రింగు ఉన్న ఈ సుత్తిని కాంక్రీటుకు ఆనించి కొడితే, అది ఎంత వెనక్కి ఎగిరితే పైపొర అంత గట్టిదని అర్థం. దీన్నిబట్టి వేసే బలం అంచనాలో 25 శాతం వరకు తేడా ఉండవచ్చు. పైగా పాత కాంక్రీటు పైపొర గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల గట్టిపడి, ఉన్నదానికంటే ఎక్కువ బలం ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే పాత భవనంలో ఈ అంకె బాగుందని నిశ్చింతగా ఉండకూడదు.

రెండోది అల్ట్రాసోనిక్ పరీక్ష. కాంక్రీటు గుండా ధ్వని తరంగాలు ఎంత వేగంగా వెళ్తున్నాయో ఇది కొలుస్తుంది. లోపల డొల్లలు, పగుళ్లు ఉంటే వేగం తగ్గుతుంది. సెకనుకు 3.5 కిలోమీటర్లు దాటితే కాంక్రీటు నాణ్యత మంచిదని, 3 కంటే తగ్గితే సందేహించాలని 1992 నాటి భారతీయ ప్రమాణం ఐఎస్ 13311 చెప్పింది.

సందేహం మిగిలితే స్తంభం లేదా దూలం నుంచి స్తూపాకారపు ముక్కను తొలిచి తీసి, ప్రయోగశాలలో నలగ్గొట్టి చూస్తారు. ఐఎస్ 456:2000 ప్రకారం, ఇలాంటి ముక్కల సగటు బలం నిర్దేశిత బలంలో కనీసం 85 శాతం ఉండాలి. ఏ ఒక్క ముక్కా 75 శాతం కంటే తగ్గకూడదు. ఇక్కడ ఇంటి వయసు కూడా చూడాలి. ఇనుము వేసిన కాంక్రీటుకు కనీస గ్రేడు ఎం20 అన్న నియమం 2000లో వచ్చింది. అంతకు ముందు ఎం15 కూడా సరిపోయేది. కాబట్టి పాత ఇంట్లో 16 అన్న అంకె కనిపించగానే కాంక్రీటు పాడైందనుకోనక్కర్లేదు. అప్పట్లో ఏ గ్రేడుకు డిజైన్ చేశారో అడగాలి.

గులాబీ రంగు చెప్పే గడువు

కొత్త కాంక్రీటుకు క్షార గుణం ఎక్కువ. అదే లోపలి ఇనుప చువ్వలను తుప్పు పట్టకుండా కాపాడుతుంది. కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి చేరుతూ ఆ గుణాన్ని తగ్గిస్తుంది. దీన్నే కార్బొనేషన్ అంటారు. అప్పుడే విరిచిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే, క్షార గుణం మిగిలిన భాగం గులాబీ రంగుకు మారుతుంది. అది పోయిన భాగానికి రంగు రాదు.

ఈ లోతును చువ్వల మీది కాంక్రీటు మందంతో, అంటే ‘కవర్’తో పోల్చాలి. కార్బొనేషన్ లోతు సుమారుగా కాలపు వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతుంది. అంటే రెట్టింపు లోతుకు నాలుగు రెట్ల కాలం పడుతుంది. 30 ఏళ్లలో 15 మిల్లీమీటర్లు చేరిందనుకుందాం. కవర్ 30 మిల్లీమీటర్లుంటే చువ్వను చేరడానికి ఇంకో 90 ఏళ్లు పడుతుంది. కవర్ 20 మిల్లీమీటర్లే ఉంటే సుమారు 23 ఏళ్లు చాలు. 12 మిల్లీమీటర్లే ఉంటే అది ఇప్పటికే చువ్వను దాటేసింది.

ఉప్పుగాలి ఉన్నచోట

సముద్రతీరంలో ఈ లెక్క ఒక్కటే చాలదు. ఉప్పులోని క్లోరైడ్, క్షార గుణం ఉండగానే చువ్వకు తుప్పు పట్టించగలదు. అందుకే విశాఖ లాంటి చోట క్లోరైడ్ పరీక్ష ఫలితం లేని నివేదిక అసంపూర్ణమే. ఇనుము వేసిన కాంక్రీటును పోసే సమయానికి ఘనపు మీటరుకు 0.6 కిలోలకు మించి క్లోరైడ్ ఉండకూడదని ఐఎస్ 456 చెబుతోంది.

తుప్పు మొదలైందా అన్నది హాఫ్ సెల్ పరీక్ష సూచిస్తుంది. రాగి–కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌తో కొలిచినప్పుడు మైనస్ 200 మిల్లీవోల్టుల కంటే సున్నాకు దగ్గరగా ఉంటే తుప్పు లేకపోవడానికి 90 శాతానికి పైగా అవకాశం ఉంది. మైనస్ 350 దాటి ఇంకా కిందికి దిగితే తుప్పు ఉండటానికి అంతే అవకాశం. ఇది తుప్పు ఉందో లేదో చెబుతుంది గానీ, ఎంత ఇనుము పోయిందో చెప్పదు. అది తెలియాలంటే ఒకచోట కాంక్రీటు తొలగించి చువ్వ మందం కొలవాల్సిందే.

కొనేముందు అడగాల్సినవి

తుప్పు, ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి చువ్వల వెంబడి నిలువుగానో అడ్డంగానో బీటలు వస్తాయి, పెచ్చులూడతాయి. ప్లాస్టరింగ్‌లో వచ్చే సన్నని అల్లిబిల్లి పగుళ్ల కంటే ఇవి చాలా ప్రమాదకరం. వాటిని రంగుతో, సిమెంటు పూతతో కప్పినా లోపల తుప్పు ఆగదు.

అందుకే ఇంజినీరును అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. పరీక్షలు ఫ్లాట్‌లోనే చేశారా, కింద పార్కింగ్‌లోని స్తంభాలకూ చేశారా? దెబ్బతిన్నవి ఏవి, ఎన్ని? కారణం నీటి లీకేజీయా, కార్బొనేషనా, క్లోరైడా? మరమ్మతు ఖర్చు ఎంత, దాన్ని అందరూ పంచుకుంటారా? పై అంతస్తు ఇంటిని కూడా మోసేది కింది స్తంభాలే. ఫ్లాట్ ఎంత బాగున్నా, ఆ స్తంభాల పరిస్థితి తెలియకుండా బయానా ఇవ్వడం మంచిది కాదు.