మూడు మాత్రలా, నాలుగా?

బెళుగుప్ప అనంతపురం జిల్లాలో ఒక మండలం. ఎక్కువగా మెట్ట పొలాలే. వాన మొగం చాటేస్తే జనం బెంగళూరుకు కూలికి పోతారు. అటువంటి ఇంట్లో ఆలుమగలకు క్షయ సోకిందనుకుందాం. దాన్నే టీబీ అంటాం. సర్కారు ఆస్పత్రిలో మందులు ఉచితం. కానీ మాత్రలు చేతికి రాగానే అనుమానాలు మొదలవుతాయి.

"సిస్టరమ్మా, మా ఆయనకు నాలుగు మాత్రలు. నాకు మూడే. ఎందుకు తగ్గించినావు?"

సిస్టరు విసుక్కోలేదు. కార్డు తెరిచింది.

"ఈ అంకె చదువక్కా."

"46."

"అది నీ బరువు. మీ ఆయన 58 కిలోలు. బరువును బట్టే మోతాదు."

ఒకసారికి ఎంత మందు మింగాలో ఆ లెక్కే మోతాదు.

"మా మామ దినం మార్చి దినం మింగినాడు. మాకు రోజూ ఎందుకు?"

ఆమె మాట నిజమే. ముందు వారానికి మూడు దినాలే ఇచ్చేవారు. 2017లో దేశమంతా ఆ పద్ధతి మారింది. ఇప్పుడు రోజూ మింగాలి. మొదటి రెండు నెలలు ఒక్కో మాత్రలో నాలుగు మందులు కలిసి ఉంటాయి. తర్వాత నాలుగు నెలలు మూడు మందులే ఉంటాయి. అందుకే నడుమ మాత్ర మారుతుంది. మాత్ర మారిందని భయపడే వాళ్లు చాలామంది.

ఆమె గొంతు తగ్గించింది. "ఒంటికి పోతే ఎర్రగా వస్తోంది. వేడి చేసిందేమో. సగం మింగితే చాలదా?"

"అది రక్తం కాదక్కా. రిఫాంపిసిన్ అనే మందు రంగు. సగం మింగితే పురుగు సగమే చస్తుంది. మిగిలింది మందుకు మొండికేస్తుంది. అప్పుడు ఈ మాత్రలు పనిచేయవు. వేరే మందులు వాడాల. అవి ఇంకా కష్టం. కానీ కళ్లు పచ్చబడినా, చూపు మసకబారినా, వాంతులు ఆగకపోయినా ఆ దినమే రా."

ఒకప్పుడు టీబీ రోగులు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం వంటి ఆస్పత్రుల్లో నెలల తరబడి ఉండేవారు. ఇంట్లో ఉండి మందు మింగినా నయమవుతుందని మద్రాసులో జరిగిన పరిశోధన 1959లో తేల్చింది. ఇంట్లో ఎన్ని మింగుతున్నారో సిస్టరుకు కనబడదు. రోగి చెప్పాల్సిందే.

"వచ్చే నెల బెంగళూరుకు పోతాము సిస్టరమ్మా."

"పోకముందే చెప్పు. అక్కడి సర్కారు ఆస్పత్రికి రాసి పంపుతాము. ఇవే మందులు ఇస్తారు. కార్డు మరవద్దు."

"పని తొందరలో ఒక దినం మరిస్తే? మర్నాడు ఆరు మింగాల్నా?"

"వద్దక్కా, మూడే. మరిచిన సంగతి మాత్రం దాచొద్దు."