ఆదివారపు విందు

ఉద్దేశం: వడ్డించే చేయి మారినప్పుడు భోజన మర్యాద కూడా మారుతుంది. ఆ మార్పు స్వరూపాన్ని తెలిపి, బఫే విందుకు వెళ్ళేవారు పాటించదగిన పద్ధతులను వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

అతిథికి కొసరి కొసరి వడ్డించడం గోదావరి సీమ మర్యాద. అరటి ఆకు పరచి, నీళ్ళు చిలకరించి, పప్పు, కూర, పచ్చడి, పులుసు, పెరుగు వరుస తప్పకుండా వడ్డించే బంతి భోజనంలో తినేవాడు కూర్చుంటాడు, వడ్డించేవాడు తిరుగుతాడు. బఫేలో ఈ క్రమం తారుమారవుతుంది. వంటకాలు ఒకచోట నిలిచి ఉంటాయి. తినేవాడే పళ్ళెం చేతబట్టి వాటి వద్దకు నడుస్తాడు.

‘బఫే’ ఫ్రెంచి పదం. భోజనశాలలో గోడ వారగా ఉండే బల్లకు మొదట ఆ పేరు ఉండేది. కాలక్రమంలో ఆ బల్లపై అమర్చిన విందుకు అదే పేరు స్థిరపడింది. స్వీడన్ దేశీయుల ‘స్మోర్గాస్‌బోర్డ్’ కూడా ఇటువంటి విందే. 1939లో న్యూయార్కులో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో స్వీడన్ వారి భోజనశాల దీనిని అమెరికా ప్రజలకు చేరువ చేసింది. నేడు తెలుగువారి పెళ్ళి పందిళ్ళలోనూ బఫే సాధారణమైపోయింది.

ఒకే వెల చెల్లించి పలు వంటకాలు ఆరగించడం మాత్రం తెలుగువారికి కొత్త కాదు. కాకతీయుల ఓరుగల్లును వర్ణించిన ‘క్రీడాభిరామం’లో పూటకూటి ఇంటి ప్రస్తావన ఉంది. లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు గోధుమపిండి వంటకం, పెసరపప్పు, అప్పుడే కాచిన నెయ్యి, అరటిపండ్లు, నాలుగైదు నంజులు, పెరుగు లభించేవని ఆ కావ్యం తెలుపుతుంది. ఆనాటి పూటకూటి ఇంటికీ నేటి బఫేకూ ప్రధానమైన భేదం ఒక్కటే. అక్కడ పరిమాణాన్ని వడ్డించేవారు నిర్ణయించేవారు. ఇక్కడ తినేవారే నిర్ణయించుకోవాలి.

రాజమహేంద్రవరంలో తాతగారు, తల్లిదండ్రులు, ఇంటర్మీడియట్ చదివే ఇద్దరు పిల్లలు గల ఒక కుటుంబం ఆదివారం మధ్యాహ్నం బఫేకు వెళ్ళదలచిందనుకోండి. ఆదివారం రద్దీ అధికం కనుక ముందురోజే ఫోను చేసి బల్ల కేటాయించుకోవడం మంచిది. మనిషికి వెల ఎంత, పన్ను అందులో చేరిందా, పానీయాలకు వేరుగా చెల్లించాలా, శాకాహారం విడిగా అమర్చుతారా అన్న నాలుగు ప్రశ్నలు అప్పుడే అడిగితే బిల్లు వచ్చినప్పుడు వాదన ఉండదు. తాతగారికి నడక కష్టమైతే వంటకాలకు దగ్గరి బల్లను కోరాలి. ఆయనకు కావలసినవి తెచ్చే బాధ్యతను పిల్లలలో ఒకరు స్వీకరించాలి.

వేళకు ముందుగా చేరడం ఆరోగ్యానికి కూడా హితం. వండిన పదార్థాన్ని వడ్డించేవరకు 60 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడిలో ఉంచాలనీ, గది వేడిమిలో రెండు గంటలకు మించి ఉంచరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. బఫేలో పాత్రల అడుగున వేడినీరు ఉంచేది ఇందుకే. ఆవిరి రాని పాత్ర జోలికి పోకపోవడం వివేకం.

లోపల అడుగుపెట్టగానే పళ్ళెం అందుకోరాదు. ముందుగా వట్టి చేతులతో ఒక ప్రదక్షిణ చేయాలి. పనసపొట్టు కూర, పులిహోర, గుత్తివంకాయ, చేపల పులుసు, చివరన తాపేశ్వరం మడత కాజా, ఆత్రేయపురం పూతరేకు ఉన్నాయనుకోండి. అన్నీ చూసిన తరువాతనే ఏవి కావాలో తేల్చుకోవచ్చు. ప్రదక్షిణ చేయనివాడు మొదటి రెండు పాత్రల వద్దనే పళ్ళెం నింపుకొంటాడు. పూతరేకు కనబడేసరికి ఆకలి ఉండదు. తెలియని వంటకాన్ని ఒక చెంచాడు మాత్రమే వేసుకొని రుచి చూడాలి. నచ్చితే మరల వెళ్ళవచ్చు. ఒక పాత్రలోని గరిటెను మరొక పాత్రలో ముంచరాదు.

‘డబ్బు ఇచ్చాం కదా, దానికి సరిపడా తినాలి’ అన్న తలపు బఫేలో తరచుగా కలుగుతుంది. ఇచ్చిన వెల ఎక్కువ తిన్నా తిరిగి రాదు. అతిగా తిన్న అన్నం దేహానికి భారం, పళ్ళెంలో మిగిలిన అన్నం లోకానికి నష్టం. 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందనీ, అందులో 29 కోట్ల టన్నులు హోటళ్ళు, క్యాటరింగ్ వంటి భోజన సేవలలో పోయిందనీ ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం 2024లో ప్రకటించింది.

గోదావరి సీమవారికి ఈ లెక్క మరింత ఆలోచింపదగినది. 1832–33లో వచ్చిన నందన కరువు తెలుగు తీర జిల్లాలను అల్లాడించింది. 1847–1852 మధ్య సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం జరిగిన తరువాతనే ఈ డెల్టా అన్నపూర్ణగా పేరొందింది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) వేళ కాని వేళలో వచ్చిన బాటసారికి సైతం వండి వడ్డించింది. ఆమె పేరిట నడిచే మధ్యాహ్న భోజన పథకాన్ని 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ జూనియర్ కళాశాలలకు విస్తరించారు. ఆ అన్నం విలువ తెలిసిన విద్యార్థి ఆదివారపు విందులో మెతుకు విడువడు.

బంతిలో కూర్చున్నవాడు విస్తరిపై చేయి అడ్డుపెట్టి వడ్డించేవారితో ‘చాలు’ అంటాడు. బఫేలో ఆ మాటను ఎవరికి వారే చెప్పుకోవాలి. సకాలంలో ఆ మాట చెప్పుకోగలగడమే ఈ కొత్త విందు కోరే మర్యాద.

పదాలు – అర్థాలు
బంతి = భోజనానికి కూర్చున్నవారి వరుస
పూటకూటి ఇల్లు = వెల తీసుకొని భోజనం పెట్టే ఇల్లు
రూక = పూర్వకాలపు నాణెం
నంజు = అన్నంతో కలిపి కొంచెంగా కొరుక్కు తినేది
హితం = మేలు

ప్రశ్నలు
1. బంతి భోజనానికీ బఫేకూ గల భేదమేమి?
2. విందుకు వెళ్ళేముందు ఏయే విషయాలు తెలుసుకోవాలి?
3. ‘ఆదివారపు విందులో మెతుకు విడువడు’ – ఈ వాక్యాన్ని గోదావరి సీమ చరిత్రతో సమన్వయించి వివరించండి.