చెన్నపట్నంలో పెరటి తోట: ఏ కార్తెకు ఏ పని

మృగశిర కార్తె ప్రవేశించగానే విత్తనం నేలలో పడాలన్నది కృష్ణా, గోదావరి తీరాల నుంచి, తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలకు తరతరాల అలవాటు. చెన్నైలో స్థిరపడినా ఆ అలవాటు మనను విడిచిపోదు. జూన్ రెండవ వారం రాగానే పెరటి మడి తవ్వి గోంగూర, బెండ, బీర విత్తుతాము. మొలకలు వస్తాయి. పది రోజులకు ఆకుల అంచులు మాడుతాయి. మూడవ వారానికి మడి ఖాళీ. మరుసటి ఏడు కూడా అదే తంతు. ఆ పైన "ఈ ఊరి మట్టి మన విత్తనానికి పడదు" అని ఇంటి పెద్దలు తీర్మానిస్తారు, పెరటికి సిమెంటు పోయిస్తారు. ఆ మేస్త్రీని పిలిచే ముందు ఈ పాఠం ఒకసారి చదవవలసిందని మనవి. ఇందులో మట్టి చేసిన తప్పేమీ లేదు. తప్పంతా తేదీది.

వాన ఎప్పుడు కురుస్తుంది?

మన స్వస్థలాలలో అధికభాగం నైరుతి ఋతుపవనాల మీద ఆధారపడినవి. ఆ గాలులు పడమటి కనుమల మీద తమ తేమనంతా దించుకొని, ఇక్కడికి చేరేసరికి పొడిగాలులై వీస్తాయి. చెన్నైలో జూన్ నెల మే నెలకు తీసిపోనంత వేడిగా ఉండడానికి కారణం ఇదే. మే నెలలో మధ్యాహ్నానికల్లా సముద్రపు గాలి వీచి కొంత ఊరట కలుగుతుంది. జూన్‌లో పడమటి గాలి బలపడి సముద్రపు గాలిని సాయంత్రం దాకా ఒడ్డుకు రానివ్వదు. అప్పుడే మొలచిన రెండాకుల మొక్క ఆ వడగాలికి నిలవడం కష్టం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనం అంటాము. ఈ ఊరిలో ఆ సామెతను మృగశిర దాకా పొడిగించుకోవలసి ఉంటుంది.

నగరంలో ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అందులో దాదాపు అరవై శాతం అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలో, ఈశాన్య ఋతుపవనాల వల్ల వచ్చేదే. ఆ ఋతుపవనాలు సాధారణంగా అక్టోబరు 20 ప్రాంతంలో ప్రవేశిస్తాయి. అంటే మన పంచాంగం ప్రకారం చిత్త కార్తె చివరిలో వాన మొదలై, స్వాతి, విశాఖ, అనూరాధ కార్తెలలో ముమ్మరమవుతుంది. నెల్లూరు, సూళ్లూరుపేట వైపు నుంచి వచ్చినవారికి ఇది కొత్త సంగతి కాదు. వారి ఊళ్లకూ ఈ వానే ప్రధానం. తక్కిన మనమందరం మృగశిరకు చేసే ఆర్భాటాన్ని స్వాతికి మార్చుకోవాలి.

నైరుతి కాలం ఇక్కడ పూర్తిగా పొడిగా గడుస్తుందని అనుకోకూడదు. జూలై నడిమి నుంచి సాయంకాలాలలో ఉరుములతో జల్లులు పడుతుంటాయి. తమిళ రైతులు ఆడి మాసాన్ని విత్తు కాలంగా పాటించడంలోని ఆంతర్యం అదే. తమిళ మాసాలు సూర్యమానాన్ని అనుసరిస్తాయి గనుక ఆడి దాదాపు ఏటా జూలై 17కు మొదలవుతుంది. మన ఆషాఢం వలె అటూ ఇటూ జరగదు. మృగశిర నుంచి అయిదారు వారాలు ఓపిక పడితే చాలు. ఈ మాట నాకు మా వీధిలోని ఒక తమిళ పెద్దమ్మ చెప్పారు, అదీ నా మూడవ ఏటి గోంగూర ఎండిపోయాక. మొదటి ఏడే ఎందుకు చెప్పలేదని అడిగితే, "నువ్వు అడగలేదు కదా" అన్నారు.

నేలను చూసి అమరిక

తోట వేసే ముందు మీ పేట నేల ఎటువంటిదో తెలుసుకోవాలి. తిరువాన్మియూరు, అడయారు, శాంథోమ్, తండయారుపేట వంటి తీరప్రాంతాలలో ఇసుక నేల. పోసిన నీరు నిలవదు. ఎరువు కూడా నీటితో పాటే దిగిపోతుంది. అక్కడ ప్రతి విత్తుకూ ముందు కంపోస్టు దండిగా కలపాలి. త్యాగరాయనగరు, పశ్చిమ మాంబళం, అన్నానగరు, పెరంబూరు ప్రాంతాలలో బంకమన్ను. అక్కడ మడిని ఒక అడుగు ఎత్తున కట్టుకోకపోతే నవంబరులో వేళ్లు కుళ్లిపోతాయి. గిండీ, వేళచ్చేరి వైపు రాతినేల గనుక కుండీలే మేలు.

రెండవది ఎండ. ఇంటికి పడమటి వైపు గోడ మే, జూన్ నెలలలో రాత్రి పొద్దుపోయే దాకా వేడిని వదలదు. ఆ గోడకు ఆనించి కూరమొక్కలు పెట్టకూడదు. అక్కడ తీగ పందిరి గాని, వీలుంటే చిన్న నీడచెట్టు గాని ఉండాలి. తూర్పు వైపు ఉదయపు ఎండ తగిలే చోటు ఆకుకూరలకు శ్రేష్ఠం. గిన్నెలు కడిగిన నీరు బయటికి వచ్చే చోట అరటి పిలకను నాటండి. ఆ నీరు నిలవకుండా పారాలి. సబ్బునీటి మడుగులో అరటి కూడా బతకదు.

మునగ విషయంలో మాత్రం కొంచెం కఠినంగా చెప్పక తప్పదు. పెరడున్న ప్రతి తెలుగు ఇంటా మునగ కొమ్మ పాతడం వాడుక. దాని కలప పెళుసు. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను నగరాన్ని తాకినప్పుడు వేలాది చెట్లు కూలాయి. వేరు చాపుకొనేందుకు మన్ను లేకుండా చుట్టూ సిమెంటు బిగించిన చెట్టు అటువంటి గాలికి నిలవడం కష్టం. కరెంటు తీగల కిందా, పొరుగువారి కిటికీ పక్కనా మునగను నాటవద్దు. నాటినదాన్ని ఏటా సెప్టెంబరులో నడుము ఎత్తుకు నరికివేయండి. మళ్లీ చిగురిస్తుంది, కాయలు చేతికి అందుతాయి, వానాకాలంలో పట్టే గొంగళి పురుగులను దులపడమూ తేలికవుతుంది.

మేడ మీద తోట వేసేవారు బరువును లెక్కించుకోవాలి. తడిసిన మట్టి లీటరుకు ఒకటిన్నర కిలోలకు పైగా తూగుతుంది. 20 లీటర్ల సంచులు పది పెడితే వానరోజున 300 కిలోలకు పైబడిన భారం. పాత డాబాల మీద మట్టి పాలు తగ్గించి, కొబ్బరిపీచు పొట్టు, కంపోస్టు పెంచుకోవాలి. సంచులను గోడల వెంట, దూలాలున్న చోట్ల పెట్టాలి. ప్రతి సంచి కిందా రెండు ఇటుకలు ఉంటే నీరు పారుతుంది, పైకప్పు చెమ్మగిల్లదు.

ఆడి నుంచి పురట్టాసి దాకా

జూలై 17 మొదలుకొని ఆగస్టు మొదటి వారంలోగా తొలి విత్తు పూర్తి కావాలి. ఆడి పద్ధెనిమిదవ నాడు తమిళులు నదికీ నీటికీ పండుగ చేసుకుంటారు. అది ఆగస్టు 2 గాని 3 గాని అవుతుంది. ఇంచుమించు అప్పుడే మన ఆశ్లేష కార్తె ప్రవేశం. ఈ పండుగను గడువుగా గుర్తుంచుకోవడం సులభం. బెండ, గోరుచిక్కుడు, బీర, కాకర, పొట్ల, గోంగూర అన్నీ ఈ విత్తులోకే వస్తాయి. బెండ నలభై అయిదు, యాభై రోజులకు కాపుకు వస్తుంది. బీర, కాకర రెండు నెలలకు. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో కోసుకున్నంత కోసుకోవచ్చు. పెద్దవానలు వచ్చేసరికి పంట చేతికి అంది ఉంటుంది. ఇదే విత్తు జూన్‌లో వేస్తే నీళ్ల ట్యాంకరుకు పోసే డబ్బుతో ఏడాది పొడవునా కూరలు కొనుక్కోవచ్చు.

వానకు ముందు

అక్టోబరు మొదటి పదిహేను రోజులు తోటమాలికి అన్నిటికన్నా ముఖ్యమైనవి. కాపు ముగిసిన పందిళ్లు విప్పాలి. కుండీల అడుగు రంధ్రాలలో పుల్లతో పొడిచి వేరుముద్దలు తీయాలి. మేడమీది నీటి తూములలో ఆకులు లేకుండా చూడాలి. కుండీల కింది పళ్లేలను తీసి లోపల పెట్టండి. డెంగీ దోమ గుడ్డు ఆ పళ్లెంలోని మంచినీటిలోనే వారం పది రోజులలో దోమగా మారుతుంది. పళ్లెం తప్పనిసరైతే వారానికొకసారి బోర్లించి, రుద్ది కడగాలి. తులసికోట విషయంలో మన ఆడవారు పళ్లెం తీయడానికి సందేహిస్తారు. నిలవనీటిలో తులసి వేరే ముందు కుళ్లుతుందని చెబితే ఒప్పుకుంటారు.

ఇంకుడు గుంటను శుభ్రపరచవలసిందీ ఇప్పుడే. తమిళనాడులో 2003 నుంచి అన్ని భవనాలకూ వాననీటి సేకరణ తప్పనిసరి. గుంట ఉండి కూడా, పైన బురద పేరుకుపోయి నీరు ఇంకని ఇళ్లు ఎన్నో. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే తొమ్మిది వందల లీటర్ల పైచిలుకు నీరు వస్తుంది. తీరప్రాంతంలో బోరు నీరు ఉప్పన కాకుండా ఆపేది ఇలా ఇంకిన నీరే. 2019 జూన్‌లో నగరానికి నీరిచ్చే జలాశయాలు దాదాపు అడుగంటాయి. శ్రీశైలం నుంచి కండలేరు మీదుగా 1996 నుంచి పూండికి చేరుతున్న తెలుగుగంగ నీరు ఉన్నా, ఆ వేసవి అలాగే గడిచింది. పెరటికి సిమెంటు పోయించడం గురించి మొదట ప్రస్తావించింది ఇందుకోసమే. నడవడానికి రెండడుగుల బాట చాలు. తక్కిన నేలను మన్నుగానే వదలండి.

స్వాతి నుంచి సంక్రాంతికి

పెద్దవానలలో తోటలో చేయవలసింది తక్కువ. ఒంగిన మొక్కకు కర్ర కట్టడం, నిలిచిన నీటికి కాలువ తీయడం, అంతే. ఎరువు వేయవద్దు, కొట్టుకుపోతుంది. అక్టోబరు చివర చూరు కింద టమాటా, వంగ, మిరప, బంతి నారు పోసుకోవచ్చు. అయిదు వారాల నారును డిసెంబరు మొదట్లో, వాన తెరిపి ఇచ్చాక నాటండి. బంతి సంక్రాంతి నాటికి మొగ్గ తొడుగుతుంది. టమాటా, వంగ ఫిబ్రవరిలో కాస్తాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉండే చల్లదనం ఈ ఊరి తోటకు అసలైన వసంతం. పాలకూర, మెంతికూర, ముల్లంగి ఈ మూడు నెలలలోనే రుచిగా వస్తాయి. మల్లె పొదలను మార్గళి మాసంలో మోకాలి ఎత్తుకు కత్తిరించి, కొన్నాళ్లు నీరు తగ్గిస్తే మార్చి నుంచి పూలు విరగబూస్తాయి.

ఎండలు

మార్చిలో కరివేపను, మందారాన్ని కొద్దిగా కత్తిరించి, మొదట్లో కంపోస్టు వేసి, పైన రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకులు పరచండి. ఆ ఆకులను తగలబెట్టడం ఘనవ్యర్థాల నియమాల ప్రకారం నిషిద్ధం. అంతకన్నా ముఖ్యం, అవి మీ తోటకు ఉచితంగా దొరికిన దుప్పటి. ఏప్రిల్ నుంచి తెల్లవారుజామునే నీరు పోయాలి. రోజూ పైపైన చిలకరిస్తే వేరు పైకి వస్తుంది. రోజు విడిచి రోజు వేరు దాకా తడపడం మంచిది. కుండీలకు మాత్రం ఈ సూత్రం వర్తించదు, వాటికి రోజూ కావాలి.

నీటి శుద్ధి యంత్రం వదిలే వృథానీటిలో లవణాలు ఎక్కువ. ఆ నీటిని గచ్చు కడగడానికి వాడండి, కుండీలకు పోయవద్దు. ఏసీ నుంచి కారే నీరు అందుకు విరుద్ధం, కుండీలకు చక్కగా సరిపోతుంది. ఉప్పు బోరు నీరు తప్ప గతిలేనివారు ఆకుల అంచులు గోధుమరంగుకు తిరగడం, మట్టిపైన తెల్లని పొర కట్టడం గమనిస్తారు. అది తెగులు కాదు, మందు కొట్టవద్దు. ఆ ఉప్పును కడిగేది ఐప్పసి వానే. అప్పటిదాకా ఆ మడిలో కొత్త విత్తు వద్దు. మందారానికి పట్టే పిండినల్లికి మాత్రం లీటరు నీటిలో అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బుద్రావణం కలిపి సాయంత్రం వేళ చల్లాలి.

అగ్ని నక్షత్రమని తమిళులు పిలిచే మే నెలలోని ఎండలలో కుండీలను ఒకచోట దగ్గరగా చేర్చి, పైన నీడవల కట్టండి. ఒకదాని చల్లదనం మరొకదానికి తగులుతుంది. ఈ రోజులలో కొత్తగా ఏదీ నాటకూడదు, ఎవరైనా అంటు మొక్క బహుమతిగా ఇచ్చినా సరే, నీడలో ఉంచి ఆడి దాకా కాపాడండి.

గోంగూర విత్తనం దాచుకునేవారికి ఒక మాట. ఆడిలో విత్తిన మొక్కలలో బలమైనదాన్ని ఒకటి కోయకుండా వదిలేయండి. పగలు తగ్గే కొద్దీ పూత పట్టి, కాయ కడుతుంది. వానకు కాయ బూజు పట్టకుండా పైన కవరు కట్టాలి. ఎండిన కాయలు కోసి, గింజలు నీడలో ఆరబెట్టి, కొంచెం బూడిద కలిపి గాజుసీసాలో పోసి గట్టిగా మూత పెట్టండి. సీసా మీద చీటీ అంటించి, కోసిన తేదీకి పక్కనే విత్తవలసిన తేదీ కూడా రాసిపెట్టండి: జూలై 17.