దూరపు గురువు - చేరువలోని పాఠము

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున జూబిలీ హిల్స్ అను రాతికొండల ప్రాంతము కలదు. అచ్చటి గ్రానైటు బండలు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివి. ఆ బండల నడుమనే ఫిల్మ్ నగరు వెలసినది. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసునుండి హైదరాబాదునకు తరలివచ్చిన పిమ్మట ఈ పేట దానికి నిలయమైనది. అందుచేత దీని పేరు వినని తెలుగువారు అరుదు.

ఈ కొండలమీదనే మఱియొక గొప్ప సంస్థయు కలదు. అది డాక్టరు బి. ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము. 1982వ సంవత్సరము ఆగస్టు 26వ తేదీన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయమను పేర ఇది స్థాపింపబడినది. భారతదేశమున వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయములలో ఇదియే మొదటిది. ఆచార్య జి. రాంరెడ్డి దీనికి తొలి ఉపకులపతి. 1991లో దీనికి అంబేద్కరు పేరు పెట్టబడినది. పేదఱికముచే చదువు మానినవారికిని, పగలెల్ల పనిచేసి రాత్రి చదువుకొనదలచినవారికిని, ఇల్లు విడిచి రాలేని స్త్రీలకును ఇది తలుపులు తెఱచినది. విద్యార్థి విద్యాలయమునకు పోలేనిచో విద్యయే విద్యార్థి యింటికి పోవలెనన్నది దీని ఆశయము.

నాడు పాఠము అచ్చుపుస్తకముల రూపమున ఇల్లు చేరెడిది. నేడు అది ఇంటర్నెట్టు ద్వారా క్షణములో చేరుచున్నది. 2017 జూలై 9వ తేదీన కేంద్రప్రభుత్వము 'స్వయం' అను ఆన్‌లైన్ విద్యావేదికను ప్రారంభించెను. తొమ్మిదవ తరగతి మొదలుకొని ఉన్నతవిద్య వఱకు అందు పాఠ్యక్రమములు కలవు. కరోనా వ్యాధి ప్రబలి బడులు మూతపడినపుడు, 2020 సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణ ప్రభుత్వము దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారముల ద్వారా పిల్లలకు ఇంటివద్దనే పాఠములు చెప్పించెను.

ఇట్టి చదువులో చేరుట సులభము, కొనసాగించుట కష్టము. బడిలో గంట మ్రోగును. గురువు కనిపెట్టి చూచుచుండును. ప్రక్కనున్న మిత్రుడు వ్రాయుచుండగా మనకును వ్రాయ బుద్ధి పుట్టును. ఇంటిలో ఈ మూడును లేవు. కావున విద్యార్థియే తనకు గంటయు, గురువును, మిత్రుడును కావలెను. ఇందులకు కొన్ని సాధనములు కావలయును. అవి వెల గలవి కావు.

ఫిల్మ్ నగరులో ఒక చిన్న రేకుల యింట ఒక బాలిక యున్నదనుకొనుడు. ఆమె తండ్రి సినిమా చిత్రీకరణలందు దీపములు మోసి నిలబెట్టు పనివాడు. ఇంటికంతకు ఒక్కటే ఫోను. అది రాత్రి తండ్రి వచ్చిన పిదప ఒక గంట మాత్రము ఆమె చేతికి వచ్చును. ఆమె పర్యావరణ శాస్త్రమున ఒక ఆన్‌లైన్ పాఠ్యక్రమమున చేరినది. మొదటి రెండు వారములు ఆమె పాఠములన్నియు సినిమా చూచినట్లు చూచినది. అన్నియు తెలిసినట్లే తోచినవి. పరీక్షలో పది ప్రశ్నలకు మూడింటికే సరియైన సమాధానము వ్రాయగలిగినది. ఆమె కన్నీరు పెట్టుకొని, "ఈ చదువు నాకు రాదు నాన్నా!" అన్నది.

తండ్రి చదువుకొనినవాడు కాడు. కాని పని తెలిసినవాడు. అతడిట్లు చెప్పెను. "అమ్మా! మా పనిలో ప్రతి షాటుకు ముందు క్లాప్ బోర్డు కొట్టుదురు. దానిమీద సీను సంఖ్య, షాటు సంఖ్య, టేకు సంఖ్య వ్రాయుదురు. అది లేనిచో ఎడిటరుకు ఏ ముక్క ఎచ్చటిదో తెలియదు. నీవు చూచినదానికి గుర్తు ఏమి పెట్టుకొంటివి?"

ఆ మాట ఆమెకు దారి చూపినది. మఱునాటినుండి ఆమె ఒక నోటుపుస్తకము తెఱచినది. ప్రతి పుటకు పైభాగమున తేదీ, పాఠము సంఖ్య వ్రాసినది. పది నిమిషములు పాఠము విని, ఆపి, పుస్తకము చూడక తనకు తెలిసినది తన మాటలలో వ్రాసినది. తెలియనిచోట వీడియోలోని నిమిషమును గుర్తించి ప్రశ్నార్థకము పెట్టినది. గంటలో రెండు పాఠములు చూచుట మాని ఒక్కటే చూచినది. అయినను ఆ ఒక్కటి ఆమెకు దక్కినది.

'స్వయం' వంటి చదువునకు నాలుగు అంగములు కలవు. వీడియో పాఠము మొదటిది. చదువుకొనుటకు ఇచ్చు పాఠ్యసామగ్రి రెండవది. తన్ను తాను పరీక్షించుకొను ప్రశ్నలు మూడవది. సందేహములు తీర్చుకొను చర్చ నాలుగవది. వీనిలో మొదటిదానిని మాత్రమే చూచి మిగిలినవానిని విడిచినవాడు, నాగలి కొని దున్నుట మఱచిన రైతువంటివాడు.

పాఠ్యసామగ్రిని చదువునపుడు ఆ బాలిక కొత్త పదములకు వేఱొక పట్టిక వ్రాసినది. ప్రతి పదమునకు ప్రక్కన తాను చూచిన ఉదాహరణ ఒకటి ఉండవలెనని నియమము పెట్టుకొన్నది. 'జీవవైవిధ్యము' అను పదమునకు ప్రక్కన, 1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానమును, అందలి నెమళ్ళను వ్రాసినది. 'జలవనరు' అను పదమునకు ప్రక్కన, పూర్వము గోలకొండ కోటకు నీరందించిన దుర్గం చెఱువును వ్రాసినది. ఉదాహరణ కన్నులకు కట్టిన పదము మనస్సును వీడిపోదు.

జర్మనీ దేశపు ఎబ్బింగ్‌హౌస్ అను శాస్త్రజ్ఞుడు తన జ్ఞాపకశక్తిని తానే పరీక్షించుకొని, 1885లో ఆ ఫలితములను ప్రకటించెను. నేర్చినదానిలో అధికభాగము మొదటి దినముననే మఱపునకు వచ్చుననియు, దినములు విడిచి మరల మరల నెమరువేసినచో నిలుచుననియు ఆయన చూపెను. కావున ఆ బాలిక పాత క్యాలెండరు కాగితములను చీట్లుగా కత్తిరించినది. ఒకవైపు ప్రశ్న, రెండవవైపు సమాధానము వ్రాసినది. మఱునాడు ఒకసారి, మూడు దినములకు ఒకసారి, వారమునకు ఒకసారి వానిని తిరుగవేసినది. ఈ పనికి ఫోను అక్కఱలేదు. నీటికుళాయివద్ద వంతుకై నిలిచిన వేళయే చాలినది.

సందేహము అడుగుటయు ఒక విద్యయే. "నాకు అర్థము కాలేదు" అన్నచో గురువు దేనిని చెప్పగలడు? "గాలిలోని 2.5 మైక్రోమీటర్లకంటె చిన్న కణములు పెద్ద ధూళికంటె ఎందుచేత హానికరములు?" అని అడిగినచో, అవి ఊపిరితిత్తుల లోతులకు చొరబడునని గురువు వెంటనే చెప్పగలడు. మంచి ప్రశ్నలో సగము సమాధానము ఉండును.

ఈ సాధనములన్ని యే శాస్త్రమునకైనను పనికివచ్చును. పర్యావరణ శాస్త్రమునకు మాత్రము ఇంకొకటి ముఖ్యము. అది స్వయముగా పరిశీలించుట. 1991 నవంబరు 22వ తేదీన సుప్రీంకోర్టు పర్యావరణమును విద్యాలయములందు తప్పక బోధింపవలెనని తీర్పు చెప్పినది. పుస్తకములో మాత్రమే నేర్చిన పర్యావరణమువలన చెట్టుకు గాని చెఱువునకు గాని మేలు కలుగదు.

ఆ బాలిక అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉన్న ఒక డబ్బాను ఆరుబయట పెట్టినది. వాతావరణ శాఖవారు వర్షమును కొలుచు ఉదయము ఎనిమిదిన్నర గంటల వేళ, స్కేలుతో అందలి నీటి యెత్తును కొలిచి వ్రాసినది. ఒకనాడు 30 మిల్లీమీటర్ల వాన కురిసినది. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన అది ఒక లీటరు నీరగునని ఆమె పాఠములో నేర్చినది. వారి యింటి కప్పు 20 చదరపు మీటర్లు. ఆమె గుణించి చూచి తల్లిని పిలిచి, "అమ్మా! నిన్న మన కప్పుమీదనుండి 600 లీటర్లు కాలువపాలైనవి" అన్నది. తల్లి నమ్మలేదు. "పదునైదు లీటర్ల బిందెలు నలువది!" అని ఆమె మరల చెప్పినది. బిందెల లెక్క తల్లికి అర్థమైనది. ప్రతిదినము నాలుగు బిందెల నీటికై ఆమె గంటసేపు నిలుచుచుండెను.

ఆ వారమే తండ్రి కప్పు అంచున రేకుదోనె కట్టి, దానిక్రింద ఒక పీపాయి నుంచెను. మొదటి వాన నీటిని కప్పు కడుగుటకు విడిచి, తరువాతి నీటిని పట్టి గుడ్డలకు, గిన్నెలకు వాడుకొనిరి. రెండవ పరీక్షలో బాలికకు పదింట ఎనిమిది మార్కులు వచ్చినవి. ఆ సంగతి ఆమె చెప్పునప్పటికి తల్లి పీపాయిలో నీరు ముంచుచుండెను.

గురువు ఎంత దూరముననున్నను చదువు విద్యార్థి చేతిలోనే యున్నది. ఒక గంట కాలము, ఒక నోటుపుస్తకము, కొన్ని చీట్లు, ఒక డబ్బా - ఇంతటి సామగ్రితో నేర్చిన విద్య ఆమెకు మార్కులును, ఆమె యింటికి నీరును తెచ్చినది.