ముందే పిలిపించుకో

చిరంజీవి అమ్మాయికి,


నీ ఉత్తరం చేరింది. ఆసుపత్రి పరిశోధకులందరికీ ఉమ్మడిగా పెట్టిన బయోఇన్ఫర్మాటిక్స్ విభాగంలో చేరి ఏడాది తిరక్కుండానే విసిగిపోయానన్నావు. ఎవరో డాక్టరుగారు హార్డ్‌డిస్క్ పట్టుకొచ్చి "సోమవారానికల్లా పి-వాల్యూ కావాలమ్మా" అంటారట. తీరా పేపరు అచ్చయ్యాక చూస్తే కృతజ్ఞతల్లో కూడా నీ పేరుండదట. 'ఇది పరిశోధన కాదు, ఊడిగం' అని రాశావు. నీ కోపం న్యాయమైనదే. ఆ మాట మాత్రం నేను ఒప్పుకోను.

హ్యూస్టన్‌లో ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్ ఉంది. అక్కడి కీత్ బ్యాగర్లీ, కెవిన్ కూంబ్స్‌ల దగ్గరికి వచ్చిందీ నీకు వచ్చేలాంటి కోరికే. కణితిలో జన్యువుల తీరు చూసి ఏ కీమోథెరపీ మందు పనిచేస్తుందో ముందే చెప్పొచ్చని డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు 2006లో ప్రకటించారు. మన రోగులకూ అది చేసిపెట్టమని సొంత ఆసుపత్రి డాక్టర్లే వీళ్లని అడిగారు. తీరా కూర్చుంటే లెక్క కుదరలేదు. తవ్వగా తవ్వగా తేలిందేమిటంటే, జన్యువుల జాబితా ఒక్క వరుస పక్కకి జరిగిపోయి ఉంది. కొన్ని మందుల దగ్గర 'లొంగుతుంది', 'లొంగదు' అన్న గుర్తులు తారుమారై ఉన్నాయి. అంటే, పనిచేయని మందునే రోగికి ఏరి ఇచ్చే ప్రమాదం. వీళ్లు 2009లో అదంతా విప్పి ప్రచురించేనాటికే ఆ పద్ధతి మీద నడిచే క్లినికల్ ట్రయల్స్‌లో క్యాన్సర్ రోగులు చేరి ఉన్నారు. 2010లో ఆ ట్రయల్స్ ఆగిపోయాయి. 2011లో డ్యూక్ వాళ్ల నేచర్ మెడిసిన్ పత్రాన్ని ఉపసంహరించుకున్నారు. ఇద్దరు మనుషులు ఓపిగ్గా ఫైళ్లు సరిచూశారు గనక ఇంత జరిగింది. నీ రోజువారీ పని అదే కదా!

నువ్వు మార్చుకోవలసింది ఒకటుంది. డేటా వచ్చాక కాదు, శాంపిల్ తీయకముందే నిన్ను పిలిపించుకో. ప్రయోగం ముగిశాక గణాంకవేత్తను పిలిస్తే మిగిలేది శవపరీక్షేనని గణాంకశాస్త్రజ్ఞుడు ఆర్.ఎ. ఫిషర్ 1938లో మన కలకత్తాలోనే హెచ్చరించాడు. రోగుల రక్తమంతా జూన్‌లో ఒక కిట్‌తో, ఆరోగ్యవంతులది సెప్టెంబరులో ఇంకో కిట్‌తో సీక్వెన్సింగ్ చేయించారనుకో. కనిపించే తేడా జబ్బుదో కిట్‌దో ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. మొదట్లోనే నువ్వక్కడ ఉంటే, ప్రతి బ్యాచ్‌లోనూ రోగులవి సగం, ఆరోగ్యవంతులవి సగం కలపమంటావు. దానికి పైసా అదనపు ఖర్చుండదు. ఒకే మనిషి రక్తాన్ని మూడుసార్లు పరీక్షిస్తే ముగ్గురు మనుషులతో సమానం కాదనీ అప్పుడే చెప్పగలవు. ఆ మొదటి సమావేశంలోనే రచయితల్లో నీ పేరుంటుందా లేదా అన్నది కాగితం మీద రాయించు. మొహమాటపడకు.

ఇక వర్క్‌షాపు పెట్టి డాక్టర్లకి నువ్వివ్వాల్సిన శిక్షణ. దాన్ని అదనపు బరువన్నావు. నా లెక్కలో నీ బరువు తగ్గేది దానితోనే. గెలాక్సీ అనే విశ్లేషణ వేదిక 2005 నుంచీ ఉంది, ప్రోగ్రామింగ్ రానివాళ్లు కూడా బ్రౌజర్‌లోనే విశ్లేషణ చేసుకోవచ్చు. అయితే ఏ బటన్ ఎక్కడుందో చెప్పి ఊరుకోకు. ఎవరి డేటా వాళ్లని తెచ్చుకోమను, అప్పుడే ప్రశ్నలు నిజంగా పుడతాయి. మొదటి రోజు ఎక్సెల్‌తో మొదలుపెట్టు. మార్చ్1 అనే జన్యువును అది మార్చి ఒకటో తేదీగా మార్చేసిన సంగతి చూపించు. ఎక్సెల్‌లో జన్యువుల జాబితాలు జతచేసిన పత్రాల్లో దాదాపు అయిదో వంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో తేలింది. చివరికి 2020 నాటికి అలాంటి జన్యువుల పేర్లే మార్చుకోవలసి వచ్చింది. తప్పు ఎంత నిశ్శబ్దంగా దూరుతుందో ఈ ఒక్క ఉదాహరణతో డాక్టర్లకి తెలుస్తుంది.

ఇక దేశం సంగతి. మన దేశంలో బయోటెక్నాలజీ శాఖ 1986-87లోనే బయోఇన్ఫర్మాటిక్స్ కేంద్రాల నెట్‌వర్క్ మొదలుపెట్టింది. అమెరికాలో జాతీయ బయోటెక్నాలజీ సమాచార కేంద్రం (ఎన్‌సీబీఐ) పుట్టింది 1988లో. ముందుచూపుకు మనకు లోటు లేదు. కానీ సీక్వెన్సర్ కొనడానికి నిధులు దొరికినంత తేలిగ్గా, దాని డేటా చదివే మనిషికి పర్మనెంటు ఉద్యోగం దొరకదు. అదే నా దిగులు. నీలాంటివాళ్లు విసిగి సాఫ్ట్‌వేర్ కంపెనీలకు వెళ్లిపోతే నష్టపోయేది మంచం మీదున్న రోగి.

వర్క్‌షాపుకి ఏమేం చెప్పదలిచావో వరుసగా రాసి పంపు. బ్యాచ్‌ల పాఠం నేను చూసి పెడతాను. అత్తయ్య నిన్ను అడిగినట్టు చెప్పమంది.

నీ
మామయ్య