జ్వరం ఒకటే, పేర్లు అనేకం: బ్రూసెల్లోసిస్

మాల్టా జ్వరం, మధ్యధరా జ్వరం, ఎగుడుదిగుడు జ్వరం – ఇవన్నీ ఒకే వ్యాధికి పేర్లు. పశువులలో దీనిని బ్యాంగ్ వ్యాధి అంటారు. మన పల్లెల్లో ఈసుడు రోగం అంటారు. వైద్యులు వాడే పేరు బ్రూసెల్లోసిస్.

ఈ పేర్లు ఎలా వచ్చాయి?

మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవిలో బ్రిటిష్ సైనికులు ఈ జ్వరంతో బాధపడేవారు. అక్కడి సైనిక వైద్యుడు డేవిడ్ బ్రూస్ 1887లో దీని క్రిమిని గుర్తించాడు. ఆయన పేరే వ్యాధికి వచ్చింది. 1897లో డెన్మార్క్ పశువైద్యుడు బ్యాంగ్, ఆవులు ఈసుకుపోవడానికి కారణమైన క్రిమిని కనుగొన్నాడు. 1905లో మాల్టా వైద్యుడు జమ్మిట్ ఈ జ్వరం మేకల నుండి వస్తున్నదని చూపాడు. 1906లో సైనికులకు మేకపాలు మాన్పించగానే వారిలో జ్వరాలు బాగా తగ్గిపోయాయి.

మనకు ఎలా సోకుతుంది?

పచ్చి పాలు తాగడం వలన, ఈసుకుపోయిన పిండాన్ని, మాయను ఒట్టి చేతులతో తీయడం వలన సోకుతుంది. మనిషి నుండి మనిషికి సోకడం చాలా అరుదు.

లక్షణాలు ఏమిటి?

తగ్గుతూ మళ్ళీ వచ్చే జ్వరం, రాత్రిళ్ళు చెమటలు, నడుము నొప్పి, కీళ్ళ నొప్పులు, నీరసం, బరువు తగ్గడం. మగవారిలో వృషణాలు వాయవచ్చు. గర్భిణులకు గర్భస్రావం కావచ్చు. ఈ లక్షణాలు టైఫాయిడ్‌లోను, క్షయలోను కూడా ఉంటాయి. అందుచేత వ్యాధి బయటపడడం ఆలస్యమవుతుంది.

మీరు చెప్పవలసిన మాట

జ్వరంతో ఆసుపత్రికి వచ్చినప్పుడు, "మా ఇంట్లో పశువులున్నాయి, ఈమధ్య గేదె ఈసుకుపోయింది" అని డాక్టరుగారికి తప్పక చెప్పండి. ఈసుకుపోయిన ప్రతి పశువుకూ ఇదే జబ్బు ఉండదు. అయినా ఆ ఒక్క మాటతో తగిన రక్తపరీక్ష చేయించడానికి వీలవుతుంది. చికిత్సలో రెండు మందులు కలిపి సాధారణంగా 6 వారాలు వాడాలి. జ్వరం తగ్గిందని మధ్యలో మానితే వ్యాధి తిరగబెడుతుంది.

జాగ్రత్తలు

• పాలు పొంగేవరకు కాచి తాగండి. పెరుగు కూడా కాచిన పాలతోనే తోడు పెట్టండి.
• ఈసుకుపోయిన పిండాన్ని, మాయను చేతి తొడుగులతో తీసి, సున్నం చల్లి లోతుగా పూడ్చండి. కుక్కలకు వేయవద్దు. గర్భిణులను దగ్గరకు రానీయవద్దు.
• 4 నుండి 8 నెలల పెయ్యదూడలకు పశువైద్యుని చేత టీకా వేయించండి. 2019లో ప్రారంభమైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో ఈ టీకా ఉన్నది.

పశువుల పాకలో తీసుకునే జాగ్రత్తే ఇంటిల్లిపాదికీ రక్ష.